బ్రాడీపేటలో పారశీకపు పిల్లి

గుంటూరు మా యూరికి దూరము కాదు. తాడికొండ దారిని బస్సెక్కినచో గంటలోపల లాడ్జి సెంటరు కడ దిగవచ్చును. అయినను బడికి సెలవులిచ్చువరకు మావారికి తీరిక యుండదు. ఆయనకు తీరిక దొరకువేళకు ఎండలు ముదురును. అందుచేత మా ప్రయాణములన్నియు కృత్తిక, రోహిణి కార్తెలలోనే సాగుచుండును. గడచిన వేసవిలో మేము బ్రాడీపేటకు పోవుటకు కారణము మాత్రము పెండ్లియు గాదు, పేరంటమును గాదు, ఒక పిల్లికూన.

మా పెత్తల్లి కుమార్తె, నాకు అక్కయ్య, చిరకాలముగా బ్రాడీపేటలో కాపురముండుచున్నది. ఆమె మూడేండ్ల క్రిందట ఒక పారశీకపు పిల్లిని తెచ్చి పెంచుకొనెను. పర్షియను పిల్లియని పట్టణములలో వాడుక. దాని ఛాయాచిత్రములను ఫోనులో చూచినది మొదలు మా అమ్మాయికి, పదునొకండేండ్లది, వేరు ధ్యాస లేదు. ఫాల్గుణమున ఆ పిల్లి మూడు కూనలను పెట్టెనని తెలిసిన పిదప అన్నము కడ కూర్చున్నను అదే మాట. మా అత్తగారు, నాకు మేనత్తయే, మొదటనే వలదనిరి. పిల్లి యెదురైనచో గడప దాటక వెనుకకు వచ్చి మంచినీళ్ళు త్రాగి కూర్చుండు వంశము మాది. ఆ పిల్లి కొరకే ప్రయాణము చేయుట ఆమెకు వింతగా దోచెను. మావారు నవ్వి, "అమ్మా, అది మనకెదురు వచ్చుట లేదు, మనమే దానికెదురు పోవుచున్నాము" అనిరి. ఆమె నవ్వలేదు. కాని పోవునప్పుడు అమ్మాయి చేతిలో ఒక పాత పంచెగుడ్డ పెట్టి, "కూనను దీనిలో చుట్టి తెమ్ము, బస్సులో గోళ్ళు గీరును" అని చెప్పెను.

తాడికొండ విడిచిన తరువాత దారికిరువైపుల నల్లరేగడి నెరియలు విచ్చి యుండెను. ప్రత్తి మోళ్ళు పీకి గట్లపై పెట్టినారు. మిరప టిక్కీలు నింపిన లారీయొకటి మా బస్సునకు ముందు పోవుచుండగా ఆ ఘాటునకు బస్సులోని వారందరును తుమ్మిరి. ఈ తుమ్ములకు శకునము లెక్కింపవలెనన్న గుంటూరునకు ఎవరును పోజాలరు.

లాము గ్రామము కడ పరిశోధన క్షేత్రములున్నవి. లాం పేరుగల మిరప విత్తనము, ప్రత్తి విత్తనము ఎరుగని రైతు ఈ సీమలో నుండడు. అచ్చటనే ఒంగోలుజాతి పశువులను పోషించి మేలుచేయు స్థానము కూడ కలదు. కిటికీనుండి కొన్ని తెల్లని యావులు కనబడగా మావారు అమ్మాయికి చూపిరి. గుండ్లకమ్మ పరిసరముల పుట్టిన ఈ జాతిని రైతులు తరతరములుగా ఏరి పెంచిరి. నల్లరేగడిలో నాగలి నీడ్వవలెను, బరువుబండి లాగవలెను, చొప్ప తిని బ్రతుకవలెను, రోహిణి యెండకు నిలువవలెను. నిలిచినదాని సంతతిని ఉంచుకొనిరి, నిలువనిదానిని విడిచిరి. పందొమ్మిదవ శతాబ్దము నుండి సముద్రములు దాటి బ్రెజిలు దేశమునకు పోయిన ఈ పశువుల సంతానమునకు నెల్లూరి పేరిట నెలోర్ అని అచ్చట పేరు. ఆ దేశపు మందలలో నేడు దానిదే పెద్ద పాలు.

"పిల్లులకు కూడ ఇట్లు జాతులుండునా, నాన్నా?" అని అమ్మాయి అడిగెను.

"ఉండును. ఎద్దును మన పొలము కోరి మలచుకొన్నది. నీ పిల్లిని ఎవరేమి కోరి మలచుకొనిరో మీ పెద్దమ్మ యింటికి పోయి చూతము" అనిరి.

బ్రాడీపేటకు క్రొత్తగా పోయిన వారికి మొదట తికమక కలుగును. దొరల కాలమున దొర పేర వెలసిన పేట యది. రైలుకట్ట కావలనున్న అరండలుపేటయు అట్టిదే. వీధులకు దేవుళ్ళ పేర్లు గాని మనుష్యుల పేర్లు గాని లేక నిలువున లైనులు, అడ్డముగా అడ్డరోడ్లు, అన్నింటికిని అంకెలే. నాల్గవ లైను, పదునాల్గవ అడ్డరోడ్డు కావలెనన్న "నాలుగు బై పదునాలుగు" అనిన చాలును; ఆటోవాడు మారు పలుకడు. చదరంగపు బల్లవలె గీసిన ఈ పేటలో నా చిన్నతనమున పెంకుటిండ్లు, వసారాలు, గిలకబావులు, గోడలమీదుగా వ్రాలిన సన్నజాజి పందిళ్ళు కొన్ని చూచితిని. నేడు వానిలో మిగిలినవి తక్కువ. నాలుగంతస్తుల మేడలు, వైద్యుల పలకలు, ట్యూషనుల పలకలు, పుస్తకముల యంగళ్ళు, ఫలహారశాలలు. ఇప్పుడు క్రొత్తగా కుక్కలకు, పిల్లులకు తిండి పొట్లములు, దువ్వెనలు, మెడపట్టీలు అమ్ము కొట్టు కూడ వచ్చినది. అందొక దువ్వెన వెల విని నేను నా తల తడిమి చూచుకొంటిని.

అక్కయ్య మమ్ములను ఏసీ పెట్టిన గదిలోనికి తీసికొని పోయెను. మంచముపై ఒక తెల్లని దిండు కనబడెను. అమ్మాయి పోయి తాకగా దిండు కన్నులు తెరచెను. అదియే ముత్యము. రోమములు జానెడు కాకున్నను చేతివ్రేళ్ళు మునుగునంత పొడవు. కాళ్ళు పొట్టి, ఒడలు గుండ్రన, చెవులు చిన్నవి, కన్నులు రాగిరంగు. ముక్కు ఉన్నదనిన ఉన్నది, రెండు కన్నుల నడుమ ఎవరో బొటనవ్రేలితో అదిమినట్లు. కన్నుల క్రింద గోధుమరంగు చారలు జారియున్నవి. కూనలు మూడును ఒక గంపలో ఒకదానిపై నొకటి పడి నిద్రించుచుండెను.

నాకు సంస్కృతము మా నాన్నగారు ఇంటనే చెప్పిరి. అమరకోశమున పిల్లి పేర్లు వల్లించునప్పుడు, మార్జారమనగా తన్ను తాను తుడిచి శుభ్రపరచుకొనునదని ఆయన వివరించిరి. ఊరపిల్లి రోజులో ఎంత సేపు ఆ పనిలోనే యుండునో మనము చూచుచునే యున్నాము. కాని ఈ మార్జారము తన్ను తాను తుడుచుకొనజాలదు. అంతటి రోమములను నాకి సరిచేయుట దాని పొట్టి మోమునకు సాధ్యము కాదు. అక్కయ్య ప్రతిదినము అరగంట దువ్వవలెను. రెండు దినములు మరచినచో చంకలలోను పొట్టక్రిందను రోమములు అట్టలు కట్టి చర్మమును లాగును. మూడవనాడు కత్తెరయే గతి. కన్నీరు ముక్కులోనికి పోవలసిన కాలువ వంగిపోవుటచే కన్నీరు బయటికే కారును. దానిని తడిదూదితో ఉదయసాయంకాలములు తుడువవలెను. ఆ యింట పసిబిడ్డ లేడన్నమాటయే గాని చాకిరికి లోటులేదు.

దీని స్వభావము మాత్రము చెప్పుకొనదగినది. చిన్నయసూరి మిత్రలాభములోని దీర్ఘకర్ణుని కథ చదివినవారికి పిల్లి సాధుత్వము మీద నమ్మకము కుదురదు. ముత్యమును చూచిన పిదప ఆ దీర్ఘకర్ణుడు వేరు జాతివాడనుకొంటిని. అది అరవదు, అరచినను చిన్న మూలుగు. తెరలెక్కదు, బీరువాపైకి దుముకదు. ఒడిలో పెట్టిన ఒడిలో, నేలపై పెట్టిన నేలపై. ఎలుకను చూపినచో వింతగా చూచి మరల పండుకొనునట. మిక్కిలి చప్పుడు గాని, ఇంట పెద్ద గుంపు గాని, సామానులు మార్చుట గాని దానికి సరిపడదు. దసరాలలో బొమ్మలకొలువు పెట్టి ముత్తయిదువలను పిలిచిననాడు మంచము క్రింద దూరి మరునాటివరకు అన్నము ముట్టలేదని అక్కయ్య చెప్పెను. వృద్ధులుగల నెమ్మదియైన యింటికి ఇది మంచి తోడు. మా యింటివలె బడిపిల్లలు పగలంతయు వచ్చిపోవు వసారాకు తగునా యని నాకు అప్పుడే సందేహము పుట్టినది. అమ్మాయి ముఖము చూచి పైకి అనలేదు.

దీని పూర్వకథ కొంత చెప్పవలెను. 1620లో పియత్రో దెల్లా వల్లె అను ఇటలీ యాత్రికుడు ఇస్ఫహానునుండి వ్రాసిన లేఖలో ఖురాసాను దేశపు పొడవు రోమముల పిల్లులను మెచ్చుకొనెను. వానిని తన దేశమునకు కొనిపోదలచెను. ఆ తరువాత అట్టి పిల్లులు ఐరోపాలో ధనవంతుల యిండ్ల చేరినవి. 1871లో లండనులోని స్ఫటికసౌధమున హారిసన్ వెయిర్ అను చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన నేర్పరచినది మొదలు, ఏ పిల్లి యందమైనది, ఏది కాదు అను నియమములు కాగితమున కెక్కినవి. నాటి చిత్రములలోని పారశీకపు పిల్లికి చక్కగా ముక్కున్నది. బహుమతులకొరకు ముఖము గుండ్రముగా, ముక్కు పొట్టిగా నున్నవానినే జతపరచుచు పోగా ఇరువదవ శతాబ్దమున ముక్కు మోములోనికి పోయెను. 2008లో ప్రకటింపబడిన యొక జన్యుపరిశోధన వలన, ఈ పిల్లుల రక్తసంబంధము పారశీకమునకంటె పశ్చిమ ఐరోపా పిల్లులతోనే ఎక్కువయని తేలినది. మన యంగళ్ళలోని మైసూరుబజ్జీకి మైసూరుతో ఎంత చుట్టరికమో దీనికి పారశీకముతో అంత.

భోజనముల వేళ అక్కయ్య వడ్డించుచు పలుమారు నా వైపు చూచెను. చివర మజ్జిగ పోయుచు, "చెల్లీ, నీకొక మాట చెప్పక కూనను అమ్మాయి చేతిలో పెట్టలేను" అనెను. అంతలో కరెంటు పోయెను.

పగలు రెండు గంటలు. గదిలో చల్లదనము పావుగంటలో హరించెను. అక్కయ్య తలుపులు తెరచెను, మూసెను. తెరచిన వడగాలి, మూసిన ఉక్క. ముత్యము మంచము దిగి స్నానపుగది రాతిపై పొట్ట ఆన్చి పండుకొనెను. కొంతసేపటికి నోరు తెరచి రొప్పసాగెను. కుక్క నోరు తెరచి రొప్పుట సహజము. పిల్లి అట్లు చేసినచో ప్రమాదమని తెలిసికొనవలెను. పిల్లికి చెమట పాదముల యడుగున తప్ప పోయదు. రోమములను నాకి తడిపి చల్లబరచుకొనును, శ్వాస వలన కొంత వేడిని విడుచును. ఈ జాతికి రోమములు కంబళి, ముక్కు ఇరుకు. రెండు దారులును మూసినట్లే. అక్కయ్య తువాలు తడిపి దాని పొట్టకు, పాదములకు అద్దుచుండెను. చల్లనినీళ్ళు కావలెను గాని మంచునీళ్ళు పోయరాదని నన్ను వారించెను. మావారు తాటాకు విసనకఱ్ఱ పట్టిరి. అమ్మాయి గోడకానుకొని నిలుచుండి చూచుచుండెను. ఒక్క మాట లేదు. ముప్పావు గంటకు కరెంటు వచ్చి యంత్రము మ్రోగినప్పుడు నలుగురము ఒక్కమారు ఊపిరి విడిచితిమి. ముత్యము నోరు మూసికొని, ఏమియు జరుగనట్లు, పోయి కూనలకు పాలిచ్చెను.

వేసవిలో మా యూర కరెంటు పోయినచో పగలు ఎప్పుడు వచ్చునో చెప్పలేము. ఏసీ మా యింట లేదు. నేను మావారివైపు చూచితిని. ఆయన అమ్మాయివైపు చూచిరి.

"నీవు చెప్పవచ్చిన మాట ఇదియేనా, అక్కయ్యా?" అని అడిగితిని.

"ఇది కాదు" అని ఆమె చెప్పినది యిది. ప్రసవము పిమ్మట ముత్యము చిక్కి నీళ్ళు అధికముగా త్రాగుచుండగా పశువైద్యురాలికి చూపినారు. ఆమె స్కానింగు చేసి, రెండు మూత్రపిండములలోను నీటితిత్తులున్నవని చెప్పెను. పుట్టుకతో వచ్చినవి, ఏండ్లు గడచినకొలది పెరిగి మంచి కండను నొక్కివేయును. ఇంకను మూత్రపిండములు పనిచేయుచున్నవి. ఈ రోగము గల పిల్లులు పెక్కు ఏడేండ్ల ప్రాంతమున చిక్కులో పడునట. పిల్లిని అమ్మిన వ్యక్తి పదునెనిమిది వేలు పుచ్చుకొని, మేలుజాతి యని మాట ఇచ్చెనే గాని, తల్లిదండ్రుల పరీక్షల కాగితమొక్కటియు ఈయలేదు. "నేనును అడుగలేదు చెల్లీ. కన్నులు చూచి మురిసితిని" అని అక్కయ్య అనెను.

సాయంకాలము ఆ వైద్యురాలు కూనలకు టీకాలు వేయుటకు వచ్చెను. మా అమ్మాయి ఈడు పిల్లకు తెలియునట్లు ఆమె చెప్పినదానిని నా మాటలలో వ్రాయుచున్నాను.

ప్రతి ప్రాణికిని గుణములను నిర్ణయించు జన్యువులు జంటలుగా నుండును; ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. కొన్ని గుణములు రెండు తాళపుచెవులు గల పెట్టె వంటివి. తల్లి యొకటి, తండ్రి యొకటి ఇచ్చిననే తెరచుకొనును. ఈ పిల్లుల పొడవు రోమము అట్టిది. పొట్టి రోమముల పిల్లులు రెండింటికి ఒక్కొక్కప్పుడు పొడవు రోమముల కూన పుట్టుట అందువలననే. మరికొన్ని గుణములు తోడుచుక్క వంటివి. కుండెడు పాలకు ఒక్క చల్లచుక్క చాలును. ఈ మూత్రపిండముల రోగము తోడుచుక్క జాతిది. తల్లి గాని తండ్రి గాని ఒక్కరిచ్చినను వచ్చును. ఇరువైపులనుండియు వచ్చినచో ఆ కూన పుట్టకమునుపే నశించును.

ముత్యమునకు జతచేసిన మగపిల్లిని కూడ పరీక్షించిరి. దానికి రోగము లేదు. కావున ఒక్కొక్క కూనకు రోగము వచ్చుటకును రాకుండుటకును సమానావకాశము. "మూడింటిలో ఒకటిన్నర దానికా?" అని అమ్మాయి లెక్కవేసెను. అట్లు కాదని ఆమె చెప్పెను. ప్రతి కూనకును రూపాయి వేరుగా ఎగురవేసినట్లు. మూడును బొమ్మ పడవచ్చును, ఒకటియు పడకపోవచ్చును.

ఈ దోషముండు చోటును 2004లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున లెస్లీ లయన్స్ అను విదుషి, ఆమె సహచరులు కనిపెట్టిరి. అంతకు పూర్వము స్కానింగు ఒక్కటియే ఆధారము. అదియు పది నెలలు నిండినగాని నమ్మదగినది కాదు. ఇప్పుడు చెంపలోపలి తడిని దూదిపుల్లకు అద్ది పరీక్షాలయమునకు పంపిన ఏ వయస్సుననైనను తెలియును. ఆంగ్లదేశము, ఫ్రాన్సు, ఆస్ట్రేలియాలలో ఆ రోజులలో పరీక్షించిన పారశీకపు పిల్లులలో మూడవవంతునకు మించి ఈ రోగము గలవే. పరీక్షించి, రోగముగల వానిని జతపరచుట మానినచోట్ల అది తగ్గుచు వచ్చినది. మందు లేని రోగమునకు ఒక్క తరములో అడ్డుకట్ట వేయవచ్చునన్నమాట. అడుగువారుండిన చాలును.

ఇది యిట్లు వ్యాపించుటకు కారణమేమని మావారు ప్రశ్నించిరి. "అందమైన మగపిల్లి యొకటి బహుమతి గెలుచును. దానికే అందరును తమ ఆడపిల్లులను కట్టుదురు. దాని కూతుళ్ళకు దాని అన్నదమ్ములను, మనుమలను కట్టుదురు. రూపముతోపాటు దాగిన దోషము కూడ అందరికి పంచబడును. దగ్గర చుట్టరికములలో కలిపినకొలది, రెండు తాళపుచెవుల రోగములకు రెండును దొరకుట సులభమగును" అని వైద్యురాలు చెప్పెను.

సోదరీమణులారా, ఈ మాట కడ నా చెవులు ఒక క్షణము మరేమియు వినలేదు. నాది మేనరికము. మావారు నాకు మేనత్త కుమారుడు. ఈ అమ్మాయికి ముందు నాకొక మగబిడ్డ కలిగి మూడు నెలలకే పోయెను. కారణమెవరును చెప్పలేదు, నేనును ఎవరినడిగితిని కాను. దృష్టి తగిలినదని కొందరనిరి, నా జాతకమని కొందరనిరి. ఆ బిడ్డకు ఏమైనదో ఇప్పుడు తెలిసికొను దారి లేదు, మేనరికమే కారణమని చెప్పుటకును లేదు. మేనరికములన్నింట బిడ్డలు పోవుటయు లేదు. మా అమ్మాయి ఎదుట కూర్చుండి నవ్వుచునే యున్నది. కాని చుట్టరికము దగ్గరైనకొలది ఇట్టి రోగముల ప్రమాదము పెరుగునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. గోత్రములు వేరని తృప్తిపడు మనము, తల్లి వైపు రక్తమును గోత్రము లెక్కింపదని తలపోయము. నేను మావారి వైపు చూడలేదు. ఆయనయు నా వైపు చూడలేదు. ఇంటికి వచ్చిన మూడవనాటి రాత్రి ఆయన తామై, "అమ్మాయికి బయటి సంబంధమే చేయుదము" అనిరి. ఆ సంగతి మేము మాటలాడుట పదమూడేండ్లలో అదే మొదటిసారి.

అప్పుడు మాత్రము అమ్మాయి కిటికీ కడకు పోయి ప్రహరీపై నడచుచున్న ఒక ఊరపిల్లిని చూపి, "దానికి జాతి లేదా?" అని అడిగెను. తెలుపు, నలుపు, నారింజ వన్నెల మచ్చలు గల పిల్లి. వైద్యురాలు నవ్వి, "అది ఆడుదని చూడకుండగనే చెప్పగలను" అనెను. నారింజవన్నె నిచ్చు జన్యువు ఆడుమగలను నిర్ణయించు ఎక్స్ అను పోగుపై నున్నది. ఆడుదానికి అట్టి పోగులు రెండు, మగదానికి ఒకటి. రెండు పోగులున్నచోట ఒక్కొక్క కణమున ఒక్కొక్కటి నిద్రించును. మేలుకొన్న పోగును బట్టి మచ్చ యొకచోట నారింజ, ఒకచోట నలుపు. ఈ నిద్ర సంగతి 1961లో మేరీ లయన్ అను ఆంగ్ల విదుషి ఎలుకలలో కనిపెట్టి చెప్పినది. ఆ నారింజ జన్యువేదియో జపానులోను అమెరికాలోను రెండు బృందములవారు పట్టి 2025లో ప్రకటించిరి. మూడు వన్నెల మగపిల్లి ఎక్కడనో అరుదుగా పుట్టును. ఊరపిల్లికి ఎవరును జత నేర్పరచరు. ఎండయు ఆకలియు కుక్కలును ఏరినవే మిగులును. దాని బ్రతుకు సుఖమని నేననను. ఆ పిల్లికి ఒక చెవి చినిగియున్నది.

ఇంట పిల్లులున్నవారికి ఆమె చెప్పిన సంగతులు కొన్ని కలవు. మనవంటి యిండ్లకు మిక్కిలి కావలసినవి. మనము పెరుగన్నము పెట్టి పిల్లిని సాకితిమనుకొందుము. పిల్లి పుట్టుకతో మాంసాహారి. మాంసమునందలి టారిను అను పదార్థమును అది తన యొడలిలో చాలినంత చేసికొనజాలదు. అది కొరవడినచో కంటిలోని పొర క్షీణించి గ్రుడ్డిదగునని 1975లోను, గుండె సడలి ప్రాణము పోవునని 1987లోను శాస్త్రజ్ఞులు చూపిరి. అక్కయ్య యింట ఉల్లి కూడ తక్కువ. పొట్లములలో వచ్చు తిండితో తృప్తి లేక, పాలు తెచ్చు ఆమె తన యింట ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసమును డబ్బాలో తెచ్చి, పెరటిగుమ్మము కడ పెట్టి పోవుచున్నది. ఇట్టి యేర్పాటు చేసికొనలేని శాకాహారులు పిల్లిని తేకుండుటయే దయ. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషములు. జ్వరమునకు మనము వేసికొను పారాసిటమాలు మాత్ర ఒక్కటి చాలును, దాని ప్రాణము తీయుటకు. ఈ జాతికి తామర సులభముగా అంటును, దానినుండి పిల్లలకంటును. అక్కయ్య కోడలు నెల తప్పియున్నది. ఆమెను పిల్లి మలము తీయనీయరాదనియు, ఇతరులు ప్రతిదినము తీసివేసినచో పిల్లిని వెడలగొట్ట నక్కరలేదనియు వైద్యురాలు చెప్పగా ఆ పిల్ల కన్నీరు తుడుచుకొనెను. వియ్యపురాలు పిల్లిని పంపివేయుమని వారమునుండి పోరుచుండినదట.

ముత్యమునకు మరల కాన్పు రాకుండ శస్త్రచికిత్స చేయుటకు అక్కయ్య ఒప్పుకొనెను. మొన్నటి కాన్పున మొదటి కూన తల పెద్దదై అడ్డుపడి రెండు గంటలు బాధపడినదట. ఈ గుండ్రని తలల జాతికి అదియొక కష్టము. మూడు కూనల చెంపల తడియు దూదిపుల్లలపై తీసి, పేర్లు లేనందున ఒకటి, రెండు, మూడు అని వ్రాసి కట్టిరి. అంతయు బ్రాడీపేట లైనులవలె.

బయలుదేరువేళ అక్కయ్య అమ్మాయిని దగ్గరకు తీసికొని, "ఏమే, నీకేది కావలెను?" అని అడిగెను. అమ్మాయి చాలసేపు గంప కడ కూర్చుండెను. తుదకు, "పెద్దమ్మా, మా యింట ఏసీ లేదు. ఇవి ఇక్కడనే యుండనీ. నేను సెలవులకు వచ్చి దువ్వుదును" అనెను. ఆపై కొంచెమాగి, "రోగమున్నదని తెలిసిన కూనను ఎవరికిని ఈయవు గదా?" అనెను. "ఈయను. అది నా దగ్గరనే యుండును" అని అక్కయ్య మాట యిచ్చెను. మా అత్తగారిచ్చిన పంచెగుడ్డను అమ్మాయి ముత్యము పడుకొను స్నానపుగది రాతికడ మడిచి పెట్టి వచ్చెను; కరెంటు పోయినప్పుడు తడుపుటకు.

తిరుగుప్రయాణమున లాము దాటుసరికి ప్రొద్దు వాలినది. ఆవులు కొట్టములకు పోయినవి కాబోలు, కనబడలేదు. అమ్మాయి నా భుజముపై నిద్రపోయెను. ఇల్లు చేరగానే మా అత్తగారు వట్టి చేతులను చూచి, "అయ్యో, తేలేదా?" అనిరి. వసారా మూలను ఒక గంప, దానిలో గోనెపట్ట పరచి సిద్ధముగా నుండెను.

ఆషాఢమున అక్కయ్య ఫోనుచేసెను. ఒకటవ కూనకు, మూడవ కూనకు దోషము లేదు. రెండవదానికి ఉన్నది. మంచివి రెండింటిని పెంచుకొనెదమని అడుగువారు చాలమంది వచ్చుచున్నారట. ఏసీ యున్నదా, ఏమి పెట్టుదురు అని ప్రశ్నలు వేయుచు అక్కయ్య అందరిని త్రిప్పి పంపుచున్నదట. రెండవదానికి పేరు పెట్టుమని అమ్మాయిని అడిగినది. అమ్మాయి రెండు దినములు ఆలోచించి చల్లచుక్క అని చెప్పినది. దసరా సెలవులకు బ్రాడీపేట ప్రయాణము నిశ్చయమైనది.